గురుత్వ తరంగాలూ, మన రికార్డు పుస్తకాలూ

లఘులోలకం ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. చేయనివారు ఇంకొకరు చేస్తూంటే చూసైనా ఉంటారు. ఒక దారం, దాని చివర ఒక ఇనుప గుండు, చేతిలో ఒక స్టాప్‌వాచీ. అంతే సరంజామా. గుండును కొంచెం పక్కకు లాగి వదులుతాం. 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో చూస్తాం. దాన్ని 20తో భాగిస్తే ఒక్క డోలనానికి పట్టే కాలం తేలుతుంది. ఆ కాలాన్నీ, దారం పొడవునూ సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం వస్తుంది. ఎంత రావాలి?

"980 అండీ!" అని మీరందరూ ఒక్క గొంతుతో అంటారు. దారం కట్టకముందే అంటారు. గుండు కదలకముందే అంటారు. ఈ వ్యాసంలో నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ "ముందే" అన్న మాట గురించి.

ఇరవై ఏళ్ళ కిందటి ముచ్చట చెబుతాను. అప్పుడు నేను గోదావరి ఒడ్డునే ఉన్న ఒక పల్లెటూరి హైస్కూల్లో పని చేస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ ప్రయోగమే చేయిస్తూంటే ఒక అమ్మాయి నోటు పుస్తకం పట్టుకొని వచ్చింది. "మాస్టారండీ, నాకు 1082 వచ్చిందండీ" అంది. దారం పొడవు 100 సెంటీమీటర్లు. 20 డోలనాలకు కాలం 38.2 సెకన్లు అని వేసింది. గుణకారం, భాగహారం అన్నీ సరిగానే ఉన్నాయి. అవతల గంట కొట్టే వేళయింది. ఇంకా పదిహేను మంది పుస్తకాలు దిద్దాలి. "ఇదేమిటమ్మా, 980 దగ్గర రావాలిగా! చెరిపి సరిగా వెయ్యి" అన్నాను.

ఆ అమ్మాయి తెలివైనది. నా మాట ఇట్టే అర్థమైంది. అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. 38.2 ఉన్నచోట 40.1 ఉంది. జవాబు 982. సరిగ్గా 980 వేస్తే బాగుండదనీ, ఒకటి రెండు తేడా ఉంటే నిజంగా చేసినట్టు కనబడుతుందనీ పెద్ద తరగతి వాళ్ళు చెప్పి ఉంటారు. నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టి సంతకం చేశాను.

ఆ రోజు ఆ అమ్మాయికి నేనేం నేర్పినట్టు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదలలేదు. జవాబు నాకు మన ఊళ్ళో దొరకలేదు. 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల నించి వచ్చిన ఒక కబురు వల్ల దొరికింది. భయపడకండి, అంత దూరం వెళ్ళినా మళ్ళీ మన లోలకం దగ్గరకే వస్తాం.

పోటూ, పాటూ

గురుత్వ తరంగాలు అన్న మాట మీరు పత్రికల్లో చూసి ఉంటారు. అంతర్వేది దగ్గరో, యానాం దగ్గరో ఉన్నవాళ్ళకు ఆ సంగతి చెప్పడం తేలిక. మీకు సముద్రపు పోటూ పాటూ పుట్టుకతో తెలుసు. చంద్రుడి ఆకర్షణ భూమికి ఇవతలి పక్క ఎక్కువ, అవతలి పక్క తక్కువ. ఈ తేడా వల్ల సముద్రం చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపూ, దానికి సరిగ్గా వెనక వైపూ ఉబ్బుతుంది. ఆ రెంటికీ అడ్డంగా ఉన్న దిక్కుల్లో నీరు తగ్గుతుంది. అంటే ఒక దిక్కున సాగదీత, దానికి అడ్డదిక్కున నొక్కుడు అన్నమాట.

గురుత్వ తరంగం చేసేదీ అలాంటి పనే. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం చెప్పాడు. ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలకాలాలను వంచుతుందన్నాడు. 1916లో ఆయనే మరో అడుగు వేసి, బరువైన వస్తువులు విసురుగా కదిలితే ఆ వంపు తరంగంలాగ కాంతి వేగంతో అన్ని వైపులకూ పోవాలన్నాడు. అలాంటి తరంగం మీ ముఖాన తగిలిందనుకోండి. మీరు నిలువుగా ఒక్క పిసరు సాగి, అడ్డంగా ఒక్క పిసరు కుంచించుకుంటారు. మరుక్షణం అడ్డంగా సాగి, నిలువుగా కుంచించుకుంటారు. మన సముద్రంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఈ తరంగంలో పోటూ పాటూ సెకనుకు పదులసార్లు, వందలసార్లు రావచ్చు.

మరి మనకు తెలియదేం? ఆ పిసరు ఎంత చిన్నదో వింటే మీకే అర్థమవుతుంది. రాజమండ్రి నించి కొవ్వూరు వెళ్ళే రోడ్డు-రైలు వంతెన చూశారు గదా! అది సుమారు 4 కిలోమీటర్లు. అంత పొడవు గొట్టాన్ని తీసుకుంటే, 2015లో దొరికిన మొదటి తరంగం దాన్ని మార్చిన పొడవు ఒక ప్రోటాను వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. పరమాణువులో కాదు, దాని కేంద్రకంలో ఉండే ప్రోటానులో! ఇది తన లెక్కలోనే తేలినా, కొలవడం మనుషుల వల్ల అయ్యే పని అని ఐన్‌స్టీన్ అనుకోలేదు.

ఇంకో సంగతి. 1936లో ఆయన రోజెన్ అనే సహచరుడితో కలిసి అసలు గురుత్వ తరంగాలే లేవని వ్యాసం రాశాడు! ఆ వ్యాసాన్ని పరిశీలించినవారు అందులో దోషం ఉందన్నారు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. కాని తరువాత తప్పు గ్రహించి, ముగింపును మార్చి 1937లో ప్రచురించాడు. అంతటివాడు కూడా రాసింది కొట్టేసి దిద్దుకున్నాడు. దాన్ని దిద్దడమంటారు. మా అమ్మాయి చేత నేను చేయించింది వేరు.

కోరుకున్నది కనబడితే

గురుత్వ తరంగాలను పట్టుకోవాలని మొదట గట్టిగా పూనుకున్నవాడు అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ వెబర్. పెద్ద పెద్ద అల్యూమినియం స్తంభాలను వేలాడదీసి, తరంగం తగిలినప్పుడు అవి గంటలా మోగుతాయేమోనని కాచుకు కూర్చున్నాడు. ఒక స్తంభం మేరీలాండ్‌లో, ఇంకొకటి దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో షికాగో దగ్గర. రెండూ ఒకేసారి కదిలితే అది దారినపోయే లారీ పని అయివుండదు గదా! 1969లో ఆయన, తరంగాలు దొరికాయని ప్రకటించాడు. ప్రపంచమంతా కదిలిపోయింది.

అనేక దేశాలవాళ్ళు అలాంటి పరికరాలే కట్టి చూశారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. ఒకసారి ఇంకా చిత్రం జరిగింది. రోచెస్టర్‌లో మరొకరు పెట్టిన పరికరం లెక్కలతో తన లెక్కలు పోల్చి, రెంటికీ ఒకేసారి సంకేతాలు అందాయన్నాడు వెబర్. తీరా చూస్తే ఒక గడియారం అమెరికా కాలంలో, ఇంకొకటి గ్రీనిచ్ కాలంలో నడుస్తున్నాయి. ఆయన "ఒకేసారి" అన్నవి నిజానికి 4 గంటల తేడాతో జరిగినవి! లేని జోడీలు ఆయన కంటికి కనిపించాయన్నమాట.

వెబర్ మోసగాడు కాదు. రేయింబవళ్ళు కష్టపడ్డాడు. ఈ శాస్త్రానికి దారి తొక్కినవాడు ఆయనేనని అందరూ ఒప్పుకుంటారు. కాని ఏం రావాలో ముందే మనసులో పెట్టుకున్నవాడికి అదే కనిపిస్తుంది. ఈ జబ్బు మనందరికీ ఉంది. 980 వచ్చేదాకా వాచీని మళ్ళీ మళ్ళీ నొక్కి, వచ్చాక ఆపేసే కుర్రవాడికీ ఉంది. ఆ 980ని చూసి సంతకం పెట్టే మాస్టారికీ ఉంది.

మూసిన కవరు

వెబర్ తరువాత వచ్చినవాళ్ళు ఈ జబ్బుకు మందు కనిపెట్టారు. అదెలాగో వినండి.

అమెరికాలో లైగో అనే పేరుతో రెండు పరికరాలు కట్టారు. ఒకటి హాన్‌ఫర్డ్‌లో, రెండోది 3000 కిలోమీటర్ల దూరాన లివింగ్‌స్టన్‌లో. ఒక్కొక్కదానికి 4 కిలోమీటర్ల పొడవున రెండు గొట్టాలు, ఒకదానికొకటి లంబంగా. లేజరు కాంతిని రెండు పాయలుగా చీల్చి రెండు గొట్టాల్లోకీ పంపుతారు. చివర ఉన్న అద్దాలకు తగిలి వెనక్కి వచ్చి రెండు పాయలూ కలుస్తాయి. ఒక గొట్టం పొడవు రవంత మారినా ఆ కలయికలో వెలుగు మారుతుంది. మీ పాఠంలో చదివే కాంతి వ్యతికరణమే ఇది.

2010 సెప్టెంబరు 16న ఈ పరికరాల్లో ఒక చక్కటి సంకేతం కనబడింది. బృహల్లుబ్ధకం అనే నక్షత్రరాశి వైపు నించి వచ్చినట్టు తోచడంతో దానికి "పెద్ద కుక్క" అని ముద్దుపేరు పెట్టారు. వందలమంది ఆరు నెలలపాటు దాన్ని శల్యపరీక్ష చేశారు. ప్రచురించడానికి వ్యాసం కూడా రాసి సిద్ధంగా ఉంచుకున్నారు. 2011 మార్చిలో అందరూ ఒకచోట చేరి ఒక కవరు విప్పారు. ఆ సంకేతం ఆకాశం నించి రాలేదని తేలింది! తమలోనే కొద్దిమంది ఎవరికీ చెప్పకుండా యంత్రంలోకి దొంగ సంకేతం పంపించారు. అలా పంపవచ్చునని అందరూ ముందే ఒప్పుకున్నారు. ఎప్పుడు పంపుతారో, అసలు పంపుతారో లేదో మాత్రం తెలియదు.

ఎందుకింత తతంగం? తమను తాము పరీక్షించుకోవడానికి. అసలు సంకేతం వస్తే గుర్తుపట్టగలమా, ఆశ కొద్దీ మోసపోతామా అని. ఆరు నెలల చాకిరీ వృథా అయిందని ఆ పెద్దలు అలగలేదు. మనకు ఒక లెక్క తప్పు అంటేనే ముఖం మాడిపోతుంది గదా!

ఆ తరువాత 2015 సెప్టెంబరు 14, సోమవారం. మన గడియారంలో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. ఆ వేళకు మన బళ్ళలో ఆఖరి పీరియడ్లు నడుస్తూంటాయి. ముందు లివింగ్‌స్టన్, సెకనులో వెయ్యింట ఏడు వంతుల తరువాత హాన్‌ఫర్డ్ కదిలాయి. ఆ సంకేతం ఉన్నది సెకనులో అయిదో వంతు. జర్మనీలో కూర్చుని దాన్ని మొదట చూసిన యువ శాస్త్రజ్ఞుడు ఎగిరి గంతెయ్యలేదు. "ఇది ఎవరైనా పంపిన దొంగ సంకేతమా?" అని అడిగాడు. కాదని తేలింది. అయినా నమ్మలేదు. అయిదు నెలలు తర్కించుకున్నారు.

ఎలా తర్కించారో చూడండి. వెబర్ గడియారాల పొరపాటు గుర్తుంది గదా! ఆ పొరపాటునే వీళ్ళు కావాలని చేశారు. ఒక పరికరం లెక్కలను ఇంకొకదానితో పోలిస్తే కొంచెం జరిపి, అలా జరిపినప్పుడు ఎన్ని దొంగ జోడీలు కనబడతాయో లెక్కపెట్టారు. ఇలా లక్షలసార్లు జరిపి చూశారు. ఇంత గట్టి జోడీ కేవలం రొద వల్ల రావడం 2 లక్షల ఏళ్ళకు ఒక్కసారి కూడా జరగదని తేలింది. అప్పుడు గాని, 2016 ఫిబ్రవరి 11న, లోకానికి చెప్పలేదు. సూర్యుడికి 36 రెట్లూ, 29 రెట్లూ బరువున్న రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఏకమయ్యాయనీ, 3 సూర్యుళ్ళ ద్రవ్యరాశి తరంగాలుగా మారిపోయిందనీ, ఆ కబురు 130 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి మన దగ్గరకు వచ్చిందనీ చెప్పారు. 2017లో వైస్, బారిష్, థార్న్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ గెలుపులో మనవాళ్ళ చేయి కూడా ఉంది. రెండు కృష్ణబిలాలు కలిశాక ఏర్పడిన బిలం, కొట్టిన గంటలా కాసేపు మోగి సద్దుమణుగుతుంది. కదిలించిన కృష్ణబిలం ఇలా మోగుతుందని 1970లోనే చూపినవాడు బెంగుళూరు వాస్తవ్యుడు సి.వి. విశ్వేశ్వర. రొదలోంచి సంకేతాన్ని ఏరే లెక్కల పద్ధతుల మీద పూనాలో సంజీవ్ ధురంధర్, సంకేతం ఏ ఆకారంలో రావాలన్న లెక్కల మీద బెంగుళూరులో బాలా అయ్యర్ ఏళ్ళ తరబడి పని చేశారు. అప్పటికి పట్టుకునే యంత్రమే లేదు.

కాకుల సంగతి

సంకేతం కన్నా ముందు రొదను తెలుసుకోవాలి. లైగోలో ఇదే అన్నిటికన్నా పెద్ద పని. భూమి కంపనాలు, గాలి, చప్పుళ్ళు, అయస్కాంత బలాలు, ఇలా లక్షకు పైగా కొలతలు అక్కడ ఎప్పుడూ నమోదవుతూంటాయి. దూరాన సముద్రపు అలలు తీరాన్ని కొడితే తెలుస్తుంది. లివింగ్‌స్టన్ దగ్గర రైలు పోతే తెలుస్తుంది.

2017లో హాన్‌ఫర్డ్‌లో వింత చప్పుళ్ళు నమోదయ్యాయి. ఎక్కడినించి అని వెదుక్కుంటూ వెళితే, చల్లటి ద్రవ నైట్రోజనుకు సంబంధించిన గొట్టం మీద పేరుకున్న మంచులో ముక్కుతో పొడిచిన గుంటలు కనిపించాయి. దాహం వేసిన మాలకాకులు ఆ మంచును పొడుచుకు తింటున్నాయి! కుండలో గులకరాళ్ళు వేసిన కాకి కథ మీకు తెలుసు. ఇది దాని తరువాతి కథ అనుకోండి. అక్కడివాళ్ళు ఆ గీతలను చెరిపేసి ఊరుకుని ఉంటే ఏమయ్యేది? కాకుల సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. రేపు ఒక కాకి పొడుపును కృష్ణబిలం అనుకునేవాళ్ళు, లేదా కృష్ణబిలాన్ని కాకి అనుకునేవాళ్ళు.

ఇప్పుడు మా అమ్మాయి 1082 దగ్గరకు రండి. మా బళ్ళోనూ ఒక కాకి ఉంది. నేను దాన్ని చెరిపించాను.

కొన్నేళ్ళ తరువాత ఇంకో పిల్లవాడు అదే ప్రయోగం చేస్తూంటే పక్కన నిలబడి చూశాను. గుండు వదులుతూనే వాచీ నొక్కి "ఒకటి" అన్నాడు. అక్కడ అనవలసింది "సున్న". గుండు ఒకసారి వెళ్ళి వెనక్కి వచ్చాక గదా ఒకటి! వాడు "ఇరవై" అనేసరికి నిజానికి జరిగినవి 19 డోలనాలే. చటుక్కున నాకు ఆ పాత అంకె గుర్తొచ్చింది. మీరూ చేసి చూడండి. 38.2ను 20 బదులు 19తో భాగించండి. 2.01 వస్తుంది. 100 సెంటీమీటర్ల లోలకానికి రావలసిన కాలం అదే. దాంతో లెక్క కడితే గురుత్వ త్వరణం సుమారు 977.

అంటే ఆ అమ్మాయి చెయ్యి సరిగానే పని చేసింది, వాచీ సరిగానే నడిచింది. లెక్క "ఒకటి" నించి మొదలైంది, అంతే. "ఎందుకు ఇంత వచ్చిందమ్మా, మళ్ళీ నా ఎదుట చెయ్యి" అని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. సున్న నించి లెక్కపెట్టడం ఆ అమ్మాయి జన్మలో మరిచేది కాదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. గురుత్వ త్వరణం భూమి అంతటా ఒకటి కాదు. ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ. పుస్తకాల్లో ఇచ్చే 980.665 అన్నది ప్రమాణంగా నిర్ణయించుకున్న విలువ. అది సుమారు 45 డిగ్రీల అక్షాంశానికి సరిపోతుంది. మన రాజమండ్రి ఉన్నది 17 డిగ్రీల దగ్గర. ఇక్కడ దాని విలువ సుమారు 978.5. మనం చెరిపి రాసుకున్న 980 మన ఊరిది కానే కాదు! నిజాయితీగా లెక్కపెట్టి ఉంటే వచ్చే 977 కూడా మన గోదావరి నేలకు దాదాపు అంతే దగ్గర.

"మార్కులు పోతాయండీ"

మీరేమంటారో నాకు తెలుసు. "ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పోతాయండీ. గైడులో ఉన్నట్టు రాస్తే వస్తాయి." నిజమే, అలా జరుగుతున్న చోట్లు ఉన్నాయి. ఆ తప్పు మీది కాదు, మాది. ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నవాడిగా నా అభిప్రాయం ఇది: ప్రయోగానికి మార్కులు వేసేటప్పుడు జవాబు ఎంత వచ్చిందన్నది ఆఖర్న చూడాలి. ఎలా కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, తేడా ఎందుకు వచ్చిందని అనుకుంటున్నారు అన్నవి ముందు చూడాలి. 1082 వేసి "ఎందుకు ఎక్కువ వచ్చిందో తెలియలేదు, లెక్కింపులో దోషం ఉందేమో" అని కింద రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వాలి. తరగతిలో నలభై మందికీ 980, 981, 982 వస్తే మాస్టారు సంతోషించకూడదు, అనుమానించాలి. ఈ వ్యాసాన్ని మీ సైన్సు మాస్టారికి కూడా చూపించండి. నాపై కోపం వస్తే రానివ్వండి.

గురుత్వ తరంగాల పాఠం బడిలో చెప్పాలనేది కూడా ఇందుకే. ఆ గణితం మీకు ఇప్పుడు అందదు. నాకూ అందలేదు. కాని వెబర్ గడియారాలూ, మూసిన కవరూ, మాలకాకులూ తొమ్మిదో తరగతివాళ్ళకు చక్కగా అర్థమవుతాయి. కృష్ణబిలాల బరువులు కంఠస్థం చేయించి ఒక మార్కు ప్రశ్నలుగా మార్చేస్తే మాత్రం ఆ పాఠం చెప్పకపోవడమే మేలు.

"ఇది పోటీ పరీక్షల్లో రాదుగా!" అనేవారూ ఉంటారు. సరే, ఒక వార్త చెబుతాను. లైగోకు తోబుట్టువులాంటి పరికరం మన దేశంలోనే కట్టబోతున్నారు. 2016 ఫిబ్రవరి 17న కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలకు పూర్తి ఆమోదం ఇచ్చింది. ఆ మేలోనే శంకుస్థాపన జరిగింది. స్థలం మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. సముద్రపు అలలకు దూరంగా, గట్టి నల్లరాతి నేల మీద. మన కోనసీమలాంటి మెత్తటి ఒండ్రు నేల, పక్కనే హోరెత్తే సముద్రం ఈ పనికి పనికిరావు. భూమికి ఈ పక్కన ఇంకో పరికరం ఉంటే, తరంగం ఆకాశంలో ఏ మూల నించి వచ్చిందో ఇప్పటికన్నా చాలా స్పష్టంగా తెలుస్తుంది.

హింగోలి మనకు పరాయిచోటు కాదు. మీ భూగోళం పుస్తకంలో పటం తీయండి. ఆ జిల్లా అంతా గోదావరి పరీవాహక ప్రాంతమే. అక్కడి పూర్ణ నది గోదావరిలో కలుస్తుంది. కయాధు పెన్‌గంగలోనూ, పెన్‌గంగ వార్ధాలోనూ కలిసి, ప్రాణహిత మీదుగా కాళేశ్వరం దగ్గర గోదావరికి చేరతాయి. రేపు ఆ పరికరం కప్పు మీద కురిసే వాన ధవళేశ్వరం దాకా వచ్చి మన కాలువల్లో పారుతుంది. నీళ్ళు అక్కడినించి ఇక్కడకు వస్తున్నాయి. ఇక్కడినించి అక్కడకు మనుషులు వెళ్ళవద్దూ?

అక్కడ పని చేయబోయేవాళ్ళు ఇవాళ మీ వయసువాళ్ళే. అద్దాలు అమర్చేవాళ్ళు, గొట్టాల్లో గాలి తీసేవాళ్ళు, లేజరు చూసేవాళ్ళు, కంప్యూటరు లెక్కలు రాసేవాళ్ళు, కాకుల కోసం వెదికేవాళ్ళు, అందరూ కావాలి. ఒకరి కొలతను ఇంకొకరు నమ్మితేనే అక్కడ పని సాగుతుంది. రీడింగులు సర్దడం అలవాటైన చెయ్యి ఎన్ని ర్యాంకులు తెచ్చుకున్నా అక్కడ పనికిరాదు. ఆ అలవాటు హఠాత్తుగా పాతికేళ్ళకు పోదు. తొమ్మిదో తరగతి రికార్డు పుస్తకంలోనే దాన్ని మానెయ్యాలి.

మీరు చేయవలసింది

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఖర్చు లేదు. పొద్దున్నే ఎండ పడే కిటికీలో ఒక పళ్ళెం నిండా నీళ్ళు పెట్టండి. నీళ్ళమీద పడిన ఎండ పైకప్పు మీదో, గోడ మీదో వెలుగు మచ్చగా పడుతుంది. ఎవరైనా నడిచినా, పక్కన రోట్లో దంచినా, వీధిలో ట్రాక్టరు పోయినా ఆ మచ్చ వణుకుతుంది. మీరు లోపల కూర్చుని, మచ్చ ఏ సమయానికి వణికిందో పావుగంటసేపు రాయండి. మీ స్నేహితుణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టి, ఏ సమయానికి ఏ బండి పోయిందో వేరుగా రాయమనండి. మొదలుపెట్టే ముందు రెండు గడియారాలూ ఒకే సమయం చూపేట్టు సరిచేసుకోండి. మధ్యలో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే రబ్బరు వాడకుండా అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయాలి. తరువాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

కొన్ని వణుకులకు బండి కనబడుతుంది. కొన్నిటికి ఏమీ కనబడదు. ఏమీ కనబడని వాటిని కొట్టెయ్యకండి. వాటి ఎదుట ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి.

ఆ తరువాత లోలకం కూడా కట్టండి. గుండు వదిలేటప్పుడు "సున్న" అనండి. మీకు ఎంత వచ్చిందో ఈ పత్రికకు కార్డు రాయండి. 950 వచ్చినా రాయండి, 1010 వచ్చినా రాయండి. అందరికీ 980 వస్తే మాత్రం నేను నమ్మను.

ఆనాటి మా అమ్మాయికి ఇప్పుడు ముప్పై అయిదేళ్ళు దగ్గరపడుతూంటాయి. ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఇంట్లో పిల్లలు ఈ పత్రిక తెప్పించుకుంటూ ఉంటే, ఈ పేజీ ఆమె కంటపడితే, ఒక్క మాట: నీ 1082 కింద నేను సంతకం పెట్టి ఉండవలసింది, అమ్మా. పెట్టి, "ఎందుకు?" అని అడిగి ఉండవలసింది.